పచ్చి బర్ల్‌కు విలువ కట్టడం: ఏడాది పాటు సాగిన నా అనుభవం

ఫిబ్రవరి రెండో వారంలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఆమె భర్త చాలా ఏళ్ళు లేత్ మీద, అంటే చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం మీద, గిన్నెలు, పూలకూజాలు చేసినవారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. చెట్ల మొదళ్ళ మీదా వేళ్ళ మీదా పెరిగే బుడిపెలను, అదే మనం బర్ల్ అనేవాటిని, ఆయన కోయకుండా షెడ్డులో పోగు చేసి ఉంచుకున్నారు. ఒక వ్యాపారి వచ్చి చూసి, అన్నీ కలిపి తూకానికి తీసుకుంటానని, కిలోకు ఇంత అని ఒకే ధర చెప్పి వెళ్ళాడట.

"నువ్వెంతకు కొంటావని అడగడం లేదు బాబూ. అసలు వీటి విలువెంతో చెప్పగలవా? ఆయన వీటిని ఎంత అపురూపంగా చూసుకునేవారో నేను చూశాను. తెలియక అయినకాడికి ఇచ్చేయడం నాకిష్టం లేదు" అన్నారు.

సరే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. నా కోసం ఒక బర్ల్ కొనుక్కోవడం వేరు. లోపల పుచ్చు ఉంటే ఆ నష్టం నాదే. ఇంకొకరి తరఫున విలువ కట్టడం అంటే, తక్కువ చెబితే ఆమెకు అన్యాయం, ఎక్కువ చెబితే రేపు కొన్నవాడికి అన్యాయం. పైగా ఆ కొనేవాడిని నేనే కావచ్చని నాకప్పుడే అనిపించింది. ఆ మాట ఆమెకు మొదటిరోజే చెప్పేశాను. "అమ్మా, వీటిలో కొన్ని నాకూ కావాలి. అందుకని నేను ఏ లెక్క వేసినా కాగితం మీద మీ ముందే వేస్తాను. నచ్చకపోతే ఇంకొకరికి చూపించండి" అన్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు టార్చిలైటు, ఇనుప బ్రష్, బాగా సానబట్టిన ఉలి, చెక్క సుత్తి, సన్నటి ఉక్కు తీగ, కొలత టేపు, వేలాడే త్రాసు, తడిగుడ్డ, కొన్ని నల్ల చార్టు కాగితాలు పట్టుకెళ్ళాను. ఈరోజు ధర చెప్పనని ముందే చెప్పాను. ఆమె కొంచెం నిరాశపడ్డారు. కానీ పచ్చి బర్ల్ దగ్గర తొందరపడి నోరు జారితే ఆ అంకె అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఎంత వివరించినా ఇద్దరికీ మనసులో అదే మెదులుతుంది.

ముందు చేసిన పని జాతులవారీగా విడదీయడం. అదృష్టవశాత్తూ ఆయన ప్రతిదాని మీదా సుద్దతో చెట్టు పేరు, తెచ్చిన నెల రాసిపెట్టారు. వాల్‌నట్, మేపుల్, చెర్రీ ఉన్నాయి. యూకలిప్టస్‌లో పొదలా పెరిగే మల్లీ రకం వేరుదుంపలు కొన్ని ఉన్నాయి. అడుగున రెడ్‌వుడ్ బద్ద ఒకటి ఉంది. వ్యాపారి చెప్పిన ఒకే ధర ఎందుకు కుదరదో అక్కడే తేలిపోయింది. ఎండిన రెడ్‌వుడ్ ఘనమీటరుకు 400 కిలోల పైచిలుకు మాత్రమే తూగుతుంది. మల్లీ యూకలిప్టస్ రకాలు కొన్ని ఎండాక కూడా 1000 కిలోలకు అటూ ఇటూగా ఉంటాయి. అదే కొలత గిన్నె చేయడానికి రెండింటిలోనూ పట్టే ఘనపరిమాణం ఒకటే. కిలో లెక్కన అమ్మితే ఒకదానికి రెట్టింపు పైన డబ్బు వస్తుంది, ఇంకొకటి ఊరికే పోతుంది. ఇదంతా ఆమెకు రెండు చిన్న ముక్కలు చేతిలో పెట్టి చూపించాను. ఆమె వాటిని అలా పట్టుకుని "ఆయన ఎప్పుడూ తూకం మాట ఎత్తేవారు కాదు. వేళ్ళతో జానలు కొలిచేవారు" అన్నారు.

రెడ్‌వుడ్ బద్ద దగ్గర ఆగాను. అమెరికా పశ్చిమ తీరంలోని రెడ్‌వుడ్ చెట్ల నుంచి రాత్రిపూట బర్ల్‌లను రంపాలతో కోసి దొంగిలించడం ఎంత ముదిరిందంటే, 2014లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ పార్కుల్లో ఒక రోడ్డును రాత్రిళ్ళు మూసేయాల్సి వచ్చింది. ఆ బుడిపెల్లోనే చెట్టు మళ్ళీ చిగురించే మొగ్గలుంటాయి. చెట్టు మొదట్లో అంత ముక్క కోసేస్తే దానికి దెబ్బ తగులుతుంది, ఆ గాయం గుండా రోగాలు చేరే అవకాశం ఉంటుంది. అందుకని ఎక్కడిదో తెలియని రెడ్‌వుడ్ బర్ల్‌ను నేను ముట్టుకోను. ఎంత అందంగా ఉన్నా సరే. ఆమెకు ఆ మాటే చెప్పి, బిల్లు దొరికేదాకా దీనికి నా కాగితంలో చోటు లేదన్నాను. ఆమె నొచ్చుకుంటారేమో అని భయపడ్డాను. ఆమె మాత్రం నేరుగా లోపలికి వెళ్ళి ఫైళ్ళు దించడం మొదలుపెట్టారు. వారం తర్వాత ఫోన్ చేశారు. పాత బిల్లు దొరికింది. తుపానుకు పడిపోయిన చెట్టుదని, సొంత భూమిలోదని అందులో రాసి ఉంది. ఆ కాగితం దొరకడంతో ఆ బద్ద విలువ సున్నా నుంచి మొత్తం గుట్టలో మంచి స్థానానికి వచ్చింది. మీ దగ్గర పాత చెక్క ఏదైనా ఉంటే దాని కాగితాలు పారేయకండి.

ఇక అసలు పని. బెరడు పైన ఏముందో చూసి లోపల ఏముందో ఊహించాలి.

బర్ల్‌కు ధర వచ్చేది కళ్ళ వల్ల. విచ్చుకోకుండా ఉండిపోయిన మొగ్గలు లోపలి నుంచి బయటికి సన్నటి ముళ్ళలా సాగుతాయి. వాటిని అడ్డంగా కోస్తే గుండ్రటి చుక్కలుగా కనబడతాయి, మధ్యలో ముదురు బిందువుతో. ఆ చుక్కలనే కళ్ళు అంటాం. అవి దట్టంగా ఉంటే ధర పైకి వెళ్తుంది. అన్ని బుడిపెల్లోనూ అవి ఉండవు. కొన్నింటిలో ఊరికే మెలికలు తిరిగిన చెక్క ఉంటుంది. అదీ అందమే గానీ దానికి ధర వేరు. ఇంకొన్ని అసలు బర్ల్‌లే కావు. ఎప్పుడో విరిగిన కొమ్మ మొదలును చెట్టు పైనుంచి కప్పేసుకుంటే బయటికి బుడిపెలాగే కనిపిస్తుంది. దాని మధ్యలో చిన్న గుంట, చుట్టూ వలయంలా మడత ఉంటాయి. లోపల పాత పుచ్చుకొమ్మ ఉండే అవకాశం ఎక్కువ. ఆ గుట్టలో చెర్రీవి కొన్ని అలాంటివే. వాటిని పక్కన పెట్టాను.

బెరడు పనసకాయ పైతొక్కలా గరుకుగా, చిన్న చిన్న మొటిమలతో ఉంటే ఆశపడవచ్చు. కానీ దాన్ని మాత్రమే నమ్మి డబ్బు పెట్టలేం. ఆమె అనుమతి తీసుకుని ఒక్కోదానికి అంచున, ఎలాగూ కోతలో పోయే చోట, అగ్గిపెట్టె అంత మేర బెరడు ఉలితో లేపాను. మేపుల్ బర్ల్ మీద బెరడు లేవగానే కింద ముళ్ళు ముళ్ళుగా తగిలింది. వేలితో రాస్తే గుచ్చుకునేటంత. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం దాచుకోలేకపోయాను. నేను కొనబోయేవాడిని కూడా కాబట్టి ముఖం మామూలుగా పెట్టుకోవాలేమో, కానీ ఆమెను కూడా తడిమి చూడమన్నాను. వాల్‌నట్‌లో ఒక వైపు ముళ్ళు తగిలాయి, రెండోవైపు నున్నగా ఉంది. అంటే సగం మాత్రమే కళ్ళ చెక్క. ఒక వైపు లేపి చూసి మొత్తానికి ధర చెప్పి ఉంటే లెక్క తప్పేది.

తర్వాత వెనక వైపు, అంటే చెట్టు నుంచి కోసిన ముఖం. అక్కడ ధూళి పేరుకుపోయి ఉంది. బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా కనిపెట్టుకుని కూర్చున్నాను. పై తడి ఆరిపోయినా పగుళ్ళలోకి దిగిన నీరు ఇంకా కాసేపు నల్లటి గీతలుగా నిలబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు కంటికి ఆనని సన్నటి బీటలు ఇలా బయటపడతాయి. చెట్టు నడిబొడ్డు, అంటే వలయాలన్నీ మొదలయ్యే చోటు, ముక్కలో ఉందా లేదా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. ఉంటే పగులు దాదాపు ఖాయం, దాన్ని కోసి తీసేయాలి. ఆ తీసేసే మందం కూడా కొలిచి రాసుకున్నాను.

చెక్క సుత్తితో కొట్టి వినడం గురించి చాలామంది గొప్పగా చెబుతారు. గట్టి చోట ఖంగున, బోలు చోట బొదబొదమని మోగే మాట నిజమే. అయితే తడిసిన చెక్క మొత్తం మందంగానే మోగుతుంది. అందుకని ఒకే ముక్క మీద ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా వినడానికి మాత్రమే దాన్ని వాడతాను. అనుమానం వచ్చిన చోట పగులులోకో రంధ్రంలోకో ఉక్కు తీగ దించి లోతు కొలుస్తాను. వాల్‌నట్‌లో తీగ ఒక చోట అరచేయి పొడవు లోపలికి వెళ్ళిపోయింది. బెరడు లోపలికి మడిచి మూసుకుపోయిన సంది అది. పైకి చిన్న గీతలా ఉంది. నాకు గుండె జారినట్టయింది, ఎందుకంటే ఆ గుట్టలో అన్నిటికన్నా పెద్దదీ, ఆయనకు ఇష్టమైనదీ అదేనట. దాని మీద ఆయన సుద్దతో అంటు అని కూడా రాసుకున్నారు. వాల్‌నట్ తోటల్లో వేరే జాతి మొదలు మీద అంటు కడతారు. ఆ అతుకు దగ్గర వచ్చే చెక్కలో ముదురు, లేత రంగులు కలిసి వస్తాయి కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ.

పురుగు సంగతి తేల్చడానికి సమయం కావాలి. ఒక్కో ముక్క కింద నల్ల చార్టు కాగితం పరిచి, ఎవరూ కదపొద్దని చెప్పి వచ్చేశాను. రెండు వారాల తర్వాత వెళ్ళి చూస్తే చెర్రీ ముక్కల కింద లేత రంగు పిండి కుప్పలుగా రాలి ఉంది. అంటే లోపల పురుగు ఇంకా తింటోంది. పాత రంధ్రాలు ఉండి పిండి రాలకపోతే ఫర్వాలేదు, పిండి తాజాగా రాలితే మాత్రం దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టాలి. ఆ రోజే వాటిని షెడ్డు బయటికి మోయించాం. ఈ రెండు వారాలు ఆగకుండా ధర చెప్పి ఉంటే పురుగు మిగతా సరుకులోకి పాకేదో ఏమో.

ఆ రోజు సాయంత్రం ఇద్దరం బల్ల ముందు కూర్చుని లెక్క మొదలుపెట్టాం. మేపుల్ బర్ల్ దాదాపు అరగోళం. అడుగు వెడల్పు 40 సెంటీమీటర్లు, ఎత్తు 20. అరగోళం లెక్కన దాని ఘనపరిమాణం 16.75 లీటర్లు. త్రాసులో 18 కిలోలు తూగింది. మేపుల్ ఎండితే లీటరుకు కిలో ఎక్కడా తూగదు కాబట్టి అందులో నీళ్ళు చాలా ఉన్నాయన్నది స్పష్టం. ఇలాంటి పచ్చి చెక్కలో తేమ 80 శాతం అనుకుందాం. తేమ శాతాన్ని పూర్తిగా ఎండిన చెక్క బరువు మీద లెక్కేస్తారు కాబట్టి, 18 కిలోల్లో అసలు చెక్క 10 కిలోలు, మిగతా 8 కిలోలు నీరు. ఆరి వాడుకకు వచ్చేసరికి 11 కిలోల పైన కొంచెం ఉంటుంది. తూకానికి కొంటే అంత నీటికి కూడా చెక్క ధరే కట్టినట్టు. రెండు మేకుల తేమ మీటరు ఉంది కదా అంటారు కొందరు. అది పై పొరలో తేమ మాత్రమే చూపిస్తుంది, 30 శాతం దాటాక దాని అంకెను నమ్మలేం. పచ్చి బర్ల్ దగ్గర త్రాసు, టేపు కలిపి వాడటమే మేలు.

నీరు తీసేశాక తరుగు ఇంకా చాలా ఉంది. ఆ అరగోళంలోంచి 30 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెకు సరిపడే గుండ్రటి దిమ్మ తీయాలంటే దాని ఎత్తు 13 సెంటీమీటర్లే వస్తుంది. లెక్కేస్తే తొమ్మిది లీటర్ల పైన. అంటే మొత్తంలో సగం కంటే కాస్త ఎక్కువ. మిగతాది చిన్న ముక్కలు. గిన్నె కాకుండా బద్దలు కోద్దామంటే చైన్‌సా కోత ఒక్కోటి 8 మిల్లీమీటర్లు తినేస్తుంది. 10 సెంటీమీటర్ల మందంలో రెండున్నర సెంటీమీటర్ల బద్దలు నాలుగు వస్తాయని మనసు చెబుతుంది, వచ్చేవి మూడే. ఈ మాట ఆమెకు కాగితం మీద గీసి చూపించాక "ఆయన ఎందుకు తొందరపడి కోయకుండా అట్టే పెట్టుకునేవారో ఇప్పుడర్థమైంది" అన్నారు.

విలువ కట్టే పద్ధతి నాది ఇది. ప్రతి బర్ల్‌లో రాగల చెక్కను మూడు రకాలుగా రాస్తాను. కచ్చితంగా వచ్చేది, రావచ్చు అనిపించేది, తెలియనిది. మొదటిదానికి పూర్తి ధర, రెండోదానికి సగం, మూడోదానికి వంటచెరకు ధర. ఇక పూర్తి ధర అంటే, ఎండి, కోసి, పని మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్న అదే జాతి దిమ్మల అమ్మకపు ధరలో మూడో వంతు. ఇది నా లెక్క, రూల్ ఏమీ కాదు.

"మూడో వంతేనా?" అని ఆమె అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

"ఒక వంతు కోత, మైనం, ఆరబెట్టే చోటు, సానబట్టే ఖర్చు, మనిషి కష్టం అమ్మా. ఇంకో వంతు ఏడాది ఆగడానికీ, ఆ ఏడాదిలో పగిలిపోయేవాటికీ. మిగిలిన వంతు చెక్కది" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తెలియదు అని రాసిన వరసలో వాల్‌నట్ ఎక్కువగా ఉందని చూపించి, "ఇందులో బంగారంలాంటి చెక్క ఉంటే ఏం చేస్తావు?" అన్నారు.

నా దగ్గర దానికి అప్పటికి జవాబు లేదు. ఇంటికొచ్చి రెండు మూడు రోజులు అదే ఆలోచన. చివరికి ఒక ఒప్పందం రాసుకున్నాం. కచ్చితం, రావచ్చు అన్నవాటికి డబ్బు ఇప్పుడే. తెలియదు అన్న వరసలోది కోశాక ఏం వచ్చిందో ఫోటోలు తీసి, కొలతలు చూపించి, ఆరాక మిగిలినదాని మీద రెండో విడత. దానికి గడువు మరుసటి ఫిబ్రవరి అని తేదీతో సహా రాశాం. రెండు వైపులా భారం సమంగా ఉండటానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచలేదు. మొదటి విడత మొత్తం, వ్యాపారి గుట్టంతటికీ చెప్పినదాని కంటే ఎక్కువే వచ్చింది. ఆమె ముఖంలో ఆ ఊరట చూశాక నాకూ మనసు తేలికపడింది.

మార్చి ఆఖరులో సరుకు తెచ్చి కోత మొదలుపెట్టాను. రంపం పెట్టే ముందు అన్నిటి మీదా మెటల్ డిటెక్టర్ తిప్పాను. వాల్‌నట్‌లో ఒక చోట అది కూత పెట్టింది. తవ్వి చూస్తే పాత కంచె తీగ ముక్క. తీగ తుప్పు వల్ల చుట్టూ చెక్క నీలి నలుపుకు తిరిగింది. వాల్‌నట్ లాంటి చెక్కల్లో ఇనుము తగిలితే అలా జరుగుతుంది.

కోత ఏ దిక్కున పెట్టాలన్నదే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. ఒకసారి కోస్తే వెనక్కి తీసుకోలేం. పై బెరడు ముఖానికి సమాంతరంగా కోస్తే కళ్ళు గుండ్రటి చుక్కలుగా వస్తాయి. దానికి అడ్డంగా, లోపలి నుంచి బయటికి కోస్తే అవే ముళ్ళు పొడుగ్గా గీతల్లా పడుకుంటాయి. మేపుల్‌ను మొదటి రకంగానే కోశాను. మొదటి బద్ద పక్కకు పడగానే రంపం ఆపేసి నీళ్ళు చల్లి చూశాను. చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచు నుంచి అంచు దాకా. వెంటనే ఆమెకు ఫోటో పంపాను.

మల్లీ దుంపల్లో రాళ్ళుంటాయని విన్నదే గానీ, మరీ ఇన్ని ఉంటాయనుకోలేదు. ఆ దుంప నేల లోపల పెరుగుతుంది కాబట్టి చుట్టూ ఉన్న గులకరాళ్ళను తనలోకి కలిపేసుకుంటుంది. మెటల్ డిటెక్టర్‌కు రాయి దొరకదు. చైన్ రాయికి తగిలి మొండిబారడం, ఆపి సానబట్టడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఒక దుంపకు పూట గడిచిపోయేది. కొత్త చైన్లు, మైనం, మాస్క్ ఫిల్టర్లు, దుమ్ము సంచులు కలిపి నేను చెక్కకు ఇచ్చిన డబ్బులో దాదాపు ఐదో వంతు పోయింది. మాస్క్ విషయంలో పిసినారితనం పనికిరాదు. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

వాల్‌నట్‌ను ఆఖరున పెట్టుకున్నాను. తీగ దిగిన ఆ సంది లోపల కొమ్మలుగా చీలి ఉంది. కళ్ళున్న సగంలోంచి పెద్ద గిన్నె వస్తుందన్న ఆశ అక్కడితో పోయింది. సంది ఇటువైపూ అటువైపూ చిన్న దిమ్మలుగా కోసుకోవాల్సి వచ్చింది. పెద్ద గిన్నె ఎప్పుడూ నేను కచ్చితం అని రాసినది కాదు గనక నష్టమేమీ లేదు, కానీ బాధ వేసింది. నున్నగా ఉన్న రెండో సగం మాత్రం కోశాక ఆశ్చర్యపరిచింది. కళ్ళు లేవు, అయితే అంటు గీత అక్కడే ఉంది. ఒకవైపు చాక్లెట్ రంగు, ఇంకోవైపు తేనె రంగు, మధ్యలో మెలికలు. తెలియదు అన్న వరసలోంచి వచ్చిన మంచి చెక్క అది. దాని కొలతలు వెంటనే రాసి ఆమెకు పంపాను.

చెక్క గబగబా ఆరి పగలకుండా కోసిన రోజే మైనం పూయాలి. మామూలు చెక్కకు రెండు చివరలు పూస్తే చాలు. బర్ల్‌లో పోగులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి ఏ ముఖమైనా చివరే, మొత్తం పూయాలి. నీళ్ళలో కలిసే మైనం వాడాను. మేపుల్ గిన్నె దిమ్మను మాత్రం ఆరబెట్టకుండా పచ్చిగా ఉన్నప్పుడే లేత్ మీద గరుకుగా తిప్పి, గోడ మందం వెడల్పులో పదో వంతు, అంటే 3 సెంటీమీటర్లు ఉంచాను. మొదట్లో లేత్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి, ముఖానికి షీల్డ్ ఉండాలి, ముక్క ఎగిరితే వచ్చే దారిలో నిలబడకూడదు. బర్ల్‌లో దాగిన సంది ఏ క్షణంలో తెరుచుకుంటుందో చెప్పలేం. పచ్చి చెక్క పొట్టు పొడవుగా, తడిగా, ముఖం మీద నీళ్ళు చిమ్ముతూ వచ్చింది. ఆ పూటంతా నాకు సంబరంగానే ఉంది.

ఏప్రిల్ నుంచి ఎదురుచూపు. వారానికోసారి తూకం వేసి ముక్క మీదే పెన్సిల్‌తో రాసేవాణ్ణి. మొదటి నెలలో బరువు వేగంగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆఖరుకు అంకె కదలదు. గరుకు గిన్నె సెప్టెంబరుకు ఆగింది. గుండ్రం పోయి కోడిగుడ్డాకారానికి వచ్చింది, గోడ మందం ఉంచింది అందుకే, మళ్ళీ తిప్పితే సరిపోయింది. బద్దలకు చలికాలం దాటాల్సి వచ్చింది. మధ్యలో జూన్‌లో ఒక మల్లీ ముక్క రాత్రికి రాత్రి నిలువునా చీలింది. మైనం సరిగ్గానే పూశాను, చోటూ నీడే. అలా కొన్ని పోతాయనే మూడో వంతులో దానికి చోటు ఉంచాను, అయినా పొద్దున్నే చూసి చాలాసేపు మనసు బాగోలేదు.

జనవరి ఆఖరులో అన్నిటి తూకాలూ నిలబడ్డాయి. ఫిబ్రవరి మొదటి వారంలో ఆ పెద్దావిడ ఇంటికి ముక్కలన్నీ తీసుకెళ్ళి, పాత కాగితం పక్కన పెట్టి ఒక్కోటీ సరిచూశాం. కచ్చితం అని రాసినదానిలో పదింట తొమ్మిది వంతులు చేతికొచ్చింది. రావచ్చు అన్నది సగం కంటే తక్కువ వచ్చింది, ఆ నష్టం నా వంతు. తెలియదు అన్న వరసలో రెండు రంగుల వాల్‌నట్, రాళ్ళ మధ్య నుంచి వచ్చిన ఎర్రటి మల్లీ దిమ్మలు కలిసి రెండో విడతను ఆమె అనుకున్నదానికంటే పెంచాయి. రెడ్‌వుడ్ బద్దను ఆమె అమ్మలేదు, బిల్లుతో సహా ఇంట్లోనే ఉంచుకున్నారు.

మిగిలినవి తునకలు. బెరడు సందులున్నవి, బొక్కలున్నవి, పెన్నులు చేసే కడ్డీలకు మాత్రమే సరిపోయే సన్నవి. గిన్నెలు చేసే నాకు బొక్క అంటే లోపం. రెజిన్, అంటే పోశాక గట్టిపడే ద్రవం, రంగులు కలిపి నింపేవాళ్ళకు ఆ బొక్కలే కావాలి. అందుకని మొదట కిలోకు ధర చెప్పిన వ్యాపారికే కబురు పెట్టమన్నాను. అతను వచ్చి, తునకలు చేతిలో తిప్పి చూసి, ఎండినవే అని ఖాయం చేసుకుని తూకానికి తీసుకున్నాడు. నీరు లేని బరువు, ఒకే రకం వాడుక. ఈసారి కిలో ధర ఇద్దరికీ సరిపోయింది. ఏడాది కిందట చెప్పినదానికి మూడు రెట్లు ఇచ్చాడు.